విపత్తువేళ వైద్యశాల

2001 జనవరి 26వ తేదీ ఉదయం సంభవించిన భూకంపం గుజరాత్‌లోని కచ్ ప్రాంతాన్ని కుదిపివేసింది. క్షతగాత్రులకు ఆశ్రయం కావలసిన భుజ్ పట్టణపు ప్రభుత్వ ఆసుపత్రే కూలిపోయింది. వైద్యులు ఆరుబయట మైదానంలో చికిత్స చేయవలసి వచ్చింది.

భవనం చెక్కుచెదరకున్నా ఆపద తప్పుతుందని లేదు. 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్లలో దుండగులు సారిన్ అనే విషాన్ని వదిలారు. ఒకే ఆసుపత్రికి ఆ ఒక్కరోజే ఆరువందల మందికి పైగా బాధితులు వచ్చారు. వారి దుస్తులకు అంటిన విషం ఆవిరియై, సేవచేసిన సిబ్బందిలో కూడా పలువురిని బాధించింది. దుస్తులు తొలగించి, ఒడలు కడిగిన తరువాతనే రోగిని లోనికి తేవాలన్నది చిన్న నియమమే. కాని ఆ సమయానికి అది గుర్తుండాలి.

అందువల్ల విపత్తులో ఆసుపత్రికి మందులు, మంచాలు ఉంటే చాలదు. వాకిట నిలిచే కాపలాదారు మొదలు శస్త్రవైద్యుని వరకు ప్రతి ఒక్కరికీ తాను మొదట చేయవలసిన పని తెలిసి ఉండాలి. ఆ పనులలో కఠినమైనది క్షతగాత్రుల వర్గీకరణ. దీనినే ‘ట్రయాజ్’ అంటారు. నెపోలియన్ సైన్యంలోని వైద్యుడు డొమినిక్ లారే, హోదాను బట్టి గాక గాయపు తీవ్రతను బట్టి చికిత్స జరగాలని పట్టుబట్టాడు. నేటి పద్ధతులకు అదే మూలం. 1983లో కాలిఫోర్నియాలో రూపొందిన ఒక విధానం ప్రకారం, నడవగలిగిన వారందరినీ మొదట పక్కకు పిలిచి ఆకుపచ్చ చీటీ కడతారు. శ్వాస నిమిషానికి ముప్పైకి మించినా, మణికట్టు వద్ద నాడి అందకపోయినా, చెప్పిన చిన్న మాటను పాటించలేకపోయినా ఎరుపు చీటీ. తక్కిన వారికి పసుపు. శ్వాసమార్గం సరిచేసినా ఊపిరి ఆడని వారికి నలుపు. ఇదంతా ఒక్కొక్కరికి ఒక నిమిషంలోపే ముగియాలి. బిగ్గరగా కేకలు వేసేవాడు తరచు ఆకుపచ్చవాడే. మూలన మౌనంగా పడి ఉన్నవానికే ఎరుపు అవసరం కావచ్చు. మనసు కేకల వైపు లాగుతుంది. దానిని నిగ్రహించడమే ఇక్కడి విద్య.

ఈ విద్యను సిబ్బంది అందరికీ ఒకేచోట నేర్పడం సాధ్యం కాదు. ఆసుపత్రికి సెలవు లేదు. సిబ్బంది మూడు షిఫ్టులలో పనిచేస్తారు. కొత్తవారు వస్తుంటారు, పాతవారు బదిలీ అవుతుంటారు. ఆన్‌లైన్ శిక్షణ ఈ చిక్కును తీర్చగలదు. రాత్రి విధిలో ఉన్న నర్సు సైతం తీరిక దొరికినప్పుడు పాఠం వినవచ్చు. తెరపై ముప్పై మంది కల్పిత క్షతగాత్రులు కనిపిస్తారు. ఎవరికి ఏ రంగో ఆమె నిర్ణయించాలి. అక్కడ పొరపాటు జరిగితే ఎవరి ప్రాణమూ పోదు. తప్పెక్కడో వెంటనే తెలుస్తుంది, మళ్లీ ప్రయత్నించవచ్చు. కోవిడ్ వ్యాపించిన 2020లో ఈ మార్గపు విలువ లోకానికి తెలిసివచ్చింది. ఒకచోట గుమికూడడమే ప్రమాదకరమైన ఆ రోజులలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ఆన్‌లైన్ వేదికపై పాఠాలు అందించింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో భారత ప్రభుత్వం వైద్యులు, నర్సులు తదితరుల కోసం ‘ఐగాట్’ పేరుతో దీక్షా వేదికపై శిక్షణ ప్రారంభించింది.

అయితే అభ్యాసం కూసు విద్య అన్నారు పెద్దలు. 2011 డిసెంబరు 9న కోల్‌కతాలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి నేలమాళిగలో అగ్గి రాజుకుంది. పొగ పై అంతస్తులకు ఎగబాకి సుమారు 90 మంది మరణించారు. వారిలో అత్యధికులు లేవలేని రోగులు. అటువంటి రోగిని దుప్పటితోనే ఎత్తి మెట్లమీదుగా దింపే నేర్పు తెర చూసినంత మాత్రాన అబ్బదు. భుజాలు ఆ బరువు మోసి ఉండాలి. మరొక మాట: స్ట్రెచరు నడిపే వార్డుబాయ్‌కి, ఆయాకు అర్థమయ్యే తెలుగులో పాఠం లేకపోతే, శిక్షణ వైద్యుల వద్దనే ఆగిపోతుంది.

కనుక తెరమీది పాఠం తరువాత మాక్ డ్రిల్ జరగాలి. అదీ పగటివేళ, ముందుగా చెప్పి కాదు. సిబ్బంది తక్కువగా ఉండే రాత్రివేళ జరపాలి. అత్యవసర ద్వారపు తాళంచెవి ఇంటికి వెళ్లిపోయిన ఉద్యోగి వద్ద ఉండిపోయిందని, గోడకు అంటించిన ఫోన్ నంబర్లలో సగం మారిపోయాయని అప్పుడే బయటపడుతుంది. ఆ లోపాలను చేర్చి మరుసటి వారమే పాఠాన్ని సవరించి అందరికీ పంపడం ఆన్‌లైన్ విధానంలో సులభం.