గురక దిండు, గాలి మిషను

వేసుకోగానే గురక మాయమంటూ అమ్మే దిండ్లకు ఇప్పుడు కొదవ లేదు. మెడ కింద ఎత్తుగా, తల కింద పల్లంగా ఉండేవి కొన్ని. వెల్లకిలా తిరగనివ్వకుండా అడ్డుపడేవి కొన్ని. నడుం దాకా ఏటవాలుగా వచ్చేవి మరికొన్ని. ఇవన్నీ ఒట్టి మోసమని కొట్టిపారేయలేం. అలాగని స్లీప్ ఆప్నియాకు ఇదే వైద్యం అనుకుంటే మాత్రం ముప్పు. గురక ఒక చప్పుడు, ఆప్నియా అంటే ఊపిరే ఆగిపోవడం. పది సెకన్లో, అంతకు మించో గాలి ఆడకపోతే అది ఒక ఆప్నియా. పూర్తిగా ఆగినవీ, సగం మూసుకుపోయినవీ కలిపి గంటకు 5 దాటితే జబ్బు కింద లెక్క, 30 దాటితే తీవ్రం. తెలుగులో ‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ పాటలకు బాణీలు కట్టిన బప్పీ లహిరి 2022లో కన్నుమూసినప్పుడు డాక్టర్లు చెప్పిన కారణాల్లో ఈ జబ్బు కూడా ఉంది. కాబట్టి దిండును చప్పుడుతో కాదు, ఈ గంట లెక్కతో తూచాలి. అలా తూచడానికి మనకున్న కొలబద్ద, మాస్కు ద్వారా గొంతులోకి గాలిని తోసే సీపాప్ మిషను.

బావి దగ్గర మోటారు చూసినవాళ్లకు ఆ మిషను కిటుకు ఇట్టే అర్థమవుతుంది. నీళ్లు పీల్చే వైపు గట్టి పైపే వేస్తారు, మెత్తటిది వేస్తే పీల్పుకు అతుక్కుపోతుంది. నీళ్లు తోసే వైపు మెత్తటి పైపు వేసినా లోపలి ఒత్తిడికి ఉబ్బి తెరుచుకునే ఉంటుంది. నిద్రలో కండరాలు వదులైన గొంతు, పీల్చే వైపున వేసిన మెత్తటి పైపు లాంటిది. సిడ్నీ డాక్టరు కాలిన్ సలివన్ చేసిందల్లా దాన్ని తోసే వైపుకు మార్చడమే. అప్పటిదాకా తీవ్రమైన ఆప్నియాకు ఖాయమైన వైద్యం ఒక్కటే: గొంతు కింద రంధ్రం చేసి గొట్టం పెట్టడం. 1980 జూన్‌లో, ఆ ఆపరేషన్ వద్దన్న ఒక రోగి ముక్కుకు సలివన్ మాస్కు తగిలించి, బ్లోయరుతో గాలి పంపాడు. గొంతు తెరుచుకుంది, ఆ మనిషి గంటల తరబడి గాఢంగా నిద్రపోయాడు. మరుసటి ఏడాది ఐదుగురు రోగుల ఫలితాలు ‘లాన్సెట్’ పత్రికలో వచ్చాయి. వాడిన ఒత్తిడి 4.5 నుంచి 10 సెంటీమీటర్ల నీటిమట్టానికి సమానం, అంటే మహా అయితే గ్లాసు లోతు. తొలి రోజుల్లో ఇంట్లో వాడినవాళ్లు మాస్కును రోజూ రాత్రి సిలికాన్ జిగురుతో ముక్కుకు అంటించుకుని, పొద్దున్నే గీకి తీసేసేవారు. పక్కన వాక్యూమ్ క్లీనరు మోటారు హోరు. అంత యాతనా పడ్డారంటే కంటినిండా నిద్ర వాళ్లకు ఎంత విలువైనదో ఊహించుకోవచ్చు.

దిండుకు ఈ శక్తి లేదు. అది గాలిని తోయదు, పడుకునే తీరును మాత్రమే మారుస్తుంది. అయితే ఆ మార్పు చిన్నదేమీ కాదు. వెల్లకిలా పడుకుంటే నాలుక మొదలు, కొండనాలుక బరువుకు వెనక్కి జారి దారి మూస్తాయి. పక్కకు ఒత్తిగిలితే ఆ బరువు తప్పుతుంది. షికాగోలో రోజలిండ్ కార్ట్‌రైట్ 1984లోనే ఈ సంగతిని లెక్కలతో చూపింది. 1997లో ఇజ్రాయెల్ పరిశోధకులు 574 మందిని పరిశీలిస్తే, సగానికి పైగా రోగులకు వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరి ఆగడం రెట్టింపో, అంతకన్నా ఎక్కువో ఉంది. ఇలాంటివాళ్లకు, అందులోనూ జబ్బు తేలికగా ఉన్నవాళ్లకు, పక్కకు తిప్పి ఉంచే దిండు నిజంగానే పనికొస్తుంది. ఏటవాలు సంగతీ అంతే. బ్రెజిల్‌లో 2017లో మంచం తలవైపు 7.5 డిగ్రీలు పైకెత్తి చూస్తే గంట లెక్క 15.7 నుంచి 10.7కు దిగింది. మంచిదే, కానీ 10.7 ఇంకా జబ్బే! పైగా అక్కడ లేపింది మంచాన్ని. రెండు దిండ్లు ఒకదాని మీద ఒకటి వేస్తే లేచేది తల ఒక్కటే. మెడ ముందుకు వంగి దారి మరింత ఇరుకవుతుంది. గంటకు 30, 40 సార్లు ఊపిరి ఆగేవాళ్లకు, ముఖ్యంగా మెడ చుట్టూ కొవ్వు పేరుకున్నవాళ్లకు, చాలావరకు ఏ పక్కకు తిరిగినా గొంతు మూసుకుంటుంది.

‘మిషను ఎంత గొప్పదైనా వాడకపోతే ఏం లాభం? బీరువాలో పడున్న సీపాప్ కన్నా తల కింద ఉన్న దిండు మేలు కదా’ అని వాదించేవారున్నారు. ఇందులో నిజం ఉంది. గుండె, మెదడు రక్తనాళాల జబ్బులున్న దాదాపు 2,700 మందితో చేసిన సేవ్ అధ్యయనం 2016లో వెలువడింది. రోగులు సగటున రాత్రికి 3.3 గంటలే మిషను వాడారు. పగటి మగత తగ్గింది గానీ గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. అయితే దీన్నిబట్టి దిండు గెలిచిందనడం తొందరపాటు. గొంతును తెరిచి ఉంచడంలో మిషను ఓడిపోలేదు, సగం రాత్రికి పైగా అది ముక్కుకు లేనే లేదు. పడక తీరు మార్చే సాధనాలకూ ఈ బెడద తప్పలేదు. చొక్కా వీపున టెన్నిస్ బంతి కట్టుకునే పద్ధతిని రెండున్నరేళ్ల తర్వాత ఆరా తీస్తే, పదిమందిలో ఒక్కరు కూడా కొనసాగించడం లేదని ఆస్ట్రేలియాలో తేలింది. దిండు అంత బాధ పెట్టదు, నిజమే. కానీ నిద్రలో మనిషి దాని మీద నుంచి జారిపోతాడు, జారినట్టు తనకే తెలియదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు, దిండు సగం పని చేసినప్పుడు వస్తుంది. గురక తగ్గేసరికి ఇంట్లోవాళ్లు ఊరుకుంటారు, ఊపిరి ఆగడం మాత్రం లోపల సాగుతూనే ఉండవచ్చు. ఒట్టి గురకే ఉన్నవాళ్లు దిండు కొనుక్కోవచ్చు, నష్టం లేదు. గురక మధ్యలో నిశ్శబ్దం, ఉలిక్కిపడి లేవడం, పగలు కునికిపాట్లు, లొంగని బీపీ ఉన్నవాళ్లు మాత్రం ముందు నిద్ర పరీక్ష చేయించుకోవాలి. దిండునే నమ్ముకోదలచుకుంటే, అది తల కింద ఉండగా మరోసారి అదే పరీక్ష చేయించుకుని, గంట లెక్క 5 లోపుకు వచ్చిందో లేదో డాక్టరును అడగండి.