అట్టడుగున నిలిచిన పాట

యూరోవిజన్ పాటల పోటీలోకి పోర్చుగల్ 1964లో వచ్చింది. గెలవడానికి 2017 దాకా పట్టింది. నడుమ ఎన్నడూ ఆరో స్థానం దాటి పైకి వెళ్లింది లేదు. ఆ ఆరో స్థానమైనా 1996లో ఒక్కసారే. ఇంత పేలవమైన లెక్కల గురించి చెప్పుకోవడం దేనికంటే, ఆ దేశం తన తలరాత మార్చుకున్న రాత్రి ఈ పోటీలో అట్టడుగున నిలిచిన పాటనే వాడుకుంది.

ముందు పోటీ సంగతి. మన టీవీల్లో పాటల పోటీ అంటే అందరికీ తెలిసిన పాటను ఎవరెంత బాగా పాడారన్నదే చూస్తాం. యూరోవిజన్‌లో పోటీ పాటకే. 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో మొదలైన ఈ పోటీకి ఒక్కో దేశం నుంచి ఒక ప్రసార సంస్థ ఒక కొత్త పాటను పంపుతుంది. పాట మూడు నిమిషాలు మించకూడదు. వేదిక మీద ఆరుగురికన్నా ఎక్కువమంది ఉండకూడదు. ఇప్పటి పద్ధతిలో ప్రతి దేశమూ తనకు నచ్చిన పది పాటలకు 12, 10, ఆపైన 8 నుంచి 1 దాకా పాయింట్లు ఇస్తుంది. సొంత పాటకు ఇచ్చుకునే వీల్లేదు. 2016 నుంచి సంగీతం తెలిసిన జ్యూరీ ఒక విడత, ఇంట్లో కూర్చుని చూసే ప్రేక్షకులు ఇంకో విడత విడివిడిగా ఇస్తున్నారు.

సొంత పాటకు ఓటు లేనప్పుడు ఇరుగుపొరుగు, మన భాష తెలిసినవాళ్లు, వలస వెళ్లిన మనవాళ్లు కలిసిరావాలి. పోర్చుగల్‌కు భూమ్మీద సరిహద్దు పంచుకునే పొరుగు స్పెయిన్ ఒక్కటే. పోర్చుగీసు మాట్లాడేవాళ్లు కోట్లలో ఉన్నా, ఎక్కువమంది బ్రెజిల్‌లో ఉన్నారు. పోటీకి బయటి దేశాల ప్రేక్షకులకు ఓటు వచ్చిందే 2023లో. దీనికి తోడు, పోర్చుగల్ మొదటిసారి పాడేనాటికి అక్కడ నడుస్తున్నది సలజార్ నియంతృత్వం. ఆ ఏడాది కోపెన్‌హాగెన్‌లో పోటీ జరుగుతుండగా ఒకాయన వేదికెక్కి, స్పెయిన్ నియంత ఫ్రాంకోను, సలజార్‌ను బహిష్కరించండని రాసిన బ్యానర్ పట్టుకుని నిలబడ్డాడు. పోర్చుగల్‌కు ఆ రాత్రి దక్కింది సున్నా.

ఇక 1974. ఏప్రిల్ 6న ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో పావులు ద కర్వాల్యు ‘ఇ దిపోయిష్ దు అదెవుష్’ పాడాడు. ప్రేమ ముగిసిపోయాక మిగిలే వెలితి గురించిన పాట అది. గెలిచింది స్వీడన్ బృందం అబ్బా. పోర్చుగల్‌కు వచ్చినవి మూడు పాయింట్లు. మరో మూడు దేశాలతో కలిసి ఆఖరు స్థానం.

అప్పటికి పోర్చుగల్‌లో నియంతృత్వం మొదలై 48 ఏళ్లు. సలజార్ పోయినా పాలన మారలేదు, మార్సెలు కైతాను చేతికి వచ్చిందంతే. అంగోలా, మొజాంబిక్, గినీ వలసల్ని నిలుపుకోవడానికి ఏళ్ల తరబడి సాగుతున్న యుద్ధాల్లో కుర్రవాళ్లు చనిపోతున్నారు. యుద్ధంతో విసిగిన కెప్టెన్లు, మేజర్లు ప్రభుత్వాన్ని కూల్చాలనుకున్నారు. వేర్వేరు బ్యారక్‌ల నుంచి అందరూ ఒకేసారి కదలాలి. ఫోన్ చేస్తే రహస్య పోలీసులు వింటారు. అందరికీ ఒకే క్షణాన అందేది రేడియో ఒక్కటే.

సంకేతంగా ఏ పాట వేయాలి? ప్రతిఘటన పాటలు పాడే జోసె అఫొన్సు పాట వేస్తే సెన్సార్‌వాళ్ల చెవులు నిక్కబొడుచుకుంటాయి. యూరోవిజన్‌కు వెళ్లొచ్చిన ప్రేమపాటను ఎవరు అనుమానిస్తారు? ఏప్రిల్ 24 రాత్రి పదకొండుకు అయిదు నిమిషాలుందనగా లిస్బన్‌లోని ఒక రేడియోలో అనౌన్సర్ టైము చెప్పి ఆ పాట వేశాడు. ఇళ్లలో వింటున్నవాళ్లకు అది రోజూ వచ్చే పాటే. బ్యారక్‌లలో కాచుకున్నవాళ్లకు మాత్రం ‘సిద్ధం కండి’ అన్న కబురు. ఆ స్టేషన్ లిస్బన్ చుట్టుపక్కలకే వినబడుతుంది కాబట్టి దేశమంతటికీ అందేలా రెండో సంకేతం పెట్టుకున్నారు. అర్ధరాత్రి దాటి ఇరవై నిమిషాలకు రేడియో రెనషెన్సలో అఫొన్సు పాడిన ‘గ్రాండొల, విల మొరెన’ వచ్చింది. ఇక వెనకడుగు లేదన్నమాట. మర్నాడు సాయంత్రానికి కైతాను లొంగిపోయాడు. జనం సైనికుల తుపాకీ గొట్టాల్లో ఎర్రటి కార్నేషన్ పూలు పెట్టారు.

పోర్చుగల్‌లో ‘గ్రాండొల’కు ఉన్న గౌరవం మొదటి పాటకు లేదు, అది సహజమే. కానీ ఎవరూ అనుమానించని మామూలు ప్రేమపాట కావడమే ఆ రాత్రి దాని బలం. మరుసటి ఏడాది పోర్చుగల్ తరఫున పాడిన దువార్తె మెందెష్ ఆ తిరుగుబాటులో పాల్గొన్న కెప్టెన్. పాడింది విప్లవం తెచ్చిన తెల్లవారుజాము గురించే. పాయింట్లు అప్పుడూ పెద్దగా రాలేదు.

తర్వాతి నలభై ఏళ్లూ దాదాపు ఇదే వరస. 1997లో మళ్లీ సున్నా. కొన్నేళ్లు అసలు పోటీకే వెళ్లలేదు. 2016లోనూ వెళ్లలేదు. 2017లో సాల్వడోర్ సోబ్రల్ వచ్చాడు. ‘అమార్ పెలుష్ దొయిష్’ రాసి, బాణీ కట్టింది అతని అక్క లుయీసా. సాల్వడోర్‌కు తీవ్రమైన గుండెజబ్బు. పోటీ జరిగిన కీవ్‌లో మొదటి రిహార్సళ్లలో అతనికి బదులు అక్కే నిలబడి పాడింది. ఫైనల్లో అతను పెద్ద వేదిక వదిలి, ప్రేక్షకుల మధ్యనున్న చిన్న వేదిక మీద ఒంటరిగా పాడాడు. డాన్సర్లు లేరు, మంటలు లేవు. పోర్చుగీసు అర్థం కానివాళ్లు కూడా ఓటేశారు. జ్యూరీల నుంచి 382, ప్రేక్షకుల నుంచి 376, మొత్తం 758 పాయింట్లు. రెండు లెక్కల్లోనూ మొదటి స్థానమే. గెలిచాక పాట మళ్లీ పాడాల్సి వచ్చినప్పుడు అక్కను పక్కన నిలబెట్టుకుని పాడాడు. ఆ డిసెంబరులో అతనికి గుండె మార్పిడి జరిగింది. మరుసటి మే నెలలో లిస్బన్ పోటీకి ఆతిథ్యమిచ్చినప్పుడు అదే వేదిక మీదికి వచ్చి బ్రెజిల్ గాయకుడు కైతానో వెలోజోతో కలిసి పాడాడు. ఆ ఏడాది సొంతగడ్డ మీద ఫైనల్లో పోర్చుగల్‌ది ఆఖరి స్థానం.

పూర్తిగా ఇంగ్లిష్‌లో ఉన్న పాటను పోర్చుగల్ 2021లో గానీ మొదటిసారి పంపలేదు. చాలా దేశాలు ఓట్ల కోసం ఎప్పుడో ఇంగ్లిష్‌కు మారిపోయాయి. ఇన్ని ఓటముల తర్వాత కూడా ఎక్కువగా సొంత భాషలోనే పాడుతూ రావడం సరైన పనేనని నా అభిప్రాయం. 1974 పాట, 2017 పాట రెండూ నెట్‌లో దొరుకుతాయి. రెండూ కలిపి వినడానికి పది నిమిషాలు కూడా పట్టదు. ఒకసారి వినండి.