పూర్వుల జాడ

ఐర్లండు యూరపు ఖండమునకు పడమట అట్లాంటికు మహాసముద్రములో నున్న చిన్న ద్వీపము. 1841వ సంవత్సరపు జనాభా లెక్కలనుబట్టి అచ్చట 81 లక్షలకు పైగా జనులుండిరి. నేడు ద్వీపమంతయు కలిపి లెక్కించినను 70 లక్షలు మాత్రమే. జనసంఖ్య ఇట్లు తఱిగిపోవుటకు ముఖ్యకారణము 1845లో ఆరంభమైన మహాక్షామము. ఆనాటి బీదరైతులకు బంగాళాదుంపయే అన్నము. తెగులు సోకి దుంపలు భూమిలోనే క్రుళ్ళిపోగా, ఏడేండ్లలో సుమారు 10 లక్షలమంది ఆకలికిని జ్వరములకును బలియైరి. ఇంచుమించు అంతమందియే ఓడలెక్కి దేశాంతరములకు వెడలిపోయిరి. క్షామము తీరిన పిదపను ఆ వలస ఆగలేదు. అందుచేత ఐరిషు సంతతివారు నేడు స్వదేశములోకంటె అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, ఇంగ్లండు దేశములలోనే అనేక రెట్లు అధికముగా ఉన్నారు.

ఆ ఓడలెక్కినవారిలో అనేకులకు చదువుట వ్రాయుట తెలియదు. వారి మునిమనుమలకు మిగిలినది ఒక ఇంటిపేరు, ఒక జిల్లాపేరు, అవ్వ చెప్పిన ఒకటి రెండు కథలు. అంతమాత్రము ఆధారముతో వారిప్పుడు వెనుకకు మరలి తమ పూర్వులను వెదకుచున్నారు. వెదకబోవువాడు సాధారణముగా ఒకేవిధమైన మూలపురుషుని ఊహించుకొనును: అతడు కాథలిక్కు మతస్థుడు, పేదరైతు, క్షామమున ఇల్లు విడిచినవాడు. తీరా దొరకువాడు వేఱొకడుగా ఉండును.

దీనిలో వింత యేమియు లేదు. ప్రతి మనుష్యునకును తల్లిదండ్రులిద్దరు. తాతలు, అవ్వలు కలిసి నలుగురు. ఆ పై తరమున ఎనమండుగురు. ఇట్లు తరతరమునకును రెట్టింపగుచు పోగా పదవ తరమునకు 1,024 మంది అగుదురు. తరమునకు 30 ఏండ్ల వంతున లెక్కించినచో అది 300 ఏండ్లనాటి మాట. ఇంటిపేరు ఆ వేయిమందికి పైబడినవారిలో ఒక్కని నుండియే వచ్చును. తక్కిన 1,023 మందిని గూర్చి ఆ పేరు ఏమియు చెప్పజాలదు.

ఆ ఒక్క పేరైనను నమ్మదగినదా యనిన, అదియును సందేహమే. ఐరిషు భాషలో 'మాక్' అనగా కుమారుడు. 'ఓ' అనగా మనుమడు, సంతతివాడు. ఇంగ్లీషువారి ప్రభుత్వకాలమున గుమాస్తాలు ఈ పేర్లను తమ చెవికి తోచినట్లు వ్రాసికొనిరి. కొన్నిచోట్ల ఏకముగా అనువదించిరి. కమ్మరి కొడుకు అను అర్థము గల 'మక్‌గవన్' అను పేరు ఈ విధముగా 'స్మిత్' అయ్యెను. అందుచేత కావన్ జిల్లాలోని స్మిత్ ఇంగ్లీషువాడు కాక, తరతరములుగా ఐరిషు మాటలాడిన వంశమువాడే కావచ్చును. దీనికి విపరీతముగా లిమరిక్ జిల్లాలో స్విట్జర్, టెస్కీ, రటిల్ అను ఇంటిపేర్లు గలవారున్నారు. వారి పూర్వులు 1709లో జర్మనీదేశమున రైన్ నదీప్రాంతము విడిచి వచ్చి రాత్‌కీల్ అను ఊరి చుట్టుపట్ల స్థిరపడినవారు.

పూర్వుల చరిత్ర తెలిసికొనుటకు పేరొక్కటియే చాలదు, కాగితము కావలెను. ఐర్లండు విషయమున ఆ కాగితము కథయే విషాదకరమైనది. డబ్లిను నగరమున లిఫీ నది యొడ్డున ఫోర్ కోర్ట్సు అను న్యాయస్థాన భవనములు కలవు. ఆ ఆవరణములోనే దేశపు ప్రాచీన పత్రములను భద్రపఱచిన కార్యాలయము ఉండెడిది. 1922లో అంతర్యుద్ధము చెలరేగి, తిరుగుబాటుదారులు ఆ భవనములను ఆక్రమించుకొనగా ప్రభుత్వసేనలు ఫిరంగులు ప్రయోగించెను. జూన్ 30వ తేదీన గొప్ప ప్రేలుడు సంభవించి, ఆ కార్యాలయము అగ్నికి ఆహుతియయ్యెను. కాలిన కాగితపు తునకలు నగరమంతట ఎగిరిపడెను. 1821 మొదలు 1851 వఱకు పదేండ్లకొకమాఱు తీసిన జనాభా లెక్కల పత్రములలో కొద్ది భాగము తప్ప అన్నియు నశించెను. మరణశాసనములును, ప్రొటెస్టెంటు చర్చీల రిజిస్టర్లలో సగమునకు పైగాను వానితోనే పోయెను.

1861, 1871 సంవత్సరముల లెక్కలు ఈ అగ్నిలో కాలలేదు. అవి అంతకు ఎంతో పూర్వమే ప్రభుత్వపు ఆజ్ఞచేతనే నాశనము చేయబడెను. 1881, 1891 సంవత్సరముల లెక్కలు మొదటి ప్రపంచయుద్ధకాలమున కాగితపు గుజ్జుగా మార్చబడెను. యుద్ధమున కాలినదానికి విచారింపవచ్చును గాని, బల్లయొద్ద కూర్చుండి సంతకము పెట్టి చెఱచినదానికి ఏమనవలెను? కనుక దేశమంతటికిని పూర్తిగా మిగిలిన తొలి లెక్కలు 1901వ సంవత్సరమువి, తరువాతివి 1911వి. 1911 నాటి పత్రములో వివాహిత స్త్రీలను మఱొక ప్రశ్న అడిగిరి: మీకు పుట్టిన బిడ్డలెందఱు? వారిలో బ్రదికియున్నవారెందఱు? ఆ రెండు అంకెల నడుమ నున్న వ్యత్యాసమును చూచి, తమ అవ్వకు పుట్టి చనిపోయిన బిడ్డలున్నారని మొదటిసారి తెలిసికొన్నవారు అనేకులు.

ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూచువారికి ఒక చిత్రము కనబడును. 1901లో 57 ఏండ్లని వ్రాయించుకొన్న ముదుసలి, పదేండ్ల తరువాత 67 ఏండ్లని గాక, 71 ఏండ్లని వ్రాయించుకొనును. ఇట్టివి ఒకటి రెండు కావు. ఇందుకు కారణము వృద్ధుల పింఛను. 1908లో చేసిన చట్టమునుబట్టి, 70 ఏండ్లు నిండిన పేదలకు 1909 జనవరి 1వ తేదీనుండి వారమునకు 5 షిల్లింగుల వఱకు ఇచ్చుటకు ఏర్పాటయ్యెను. కాని ఐర్లండులో అందఱి జననములను నమోదు చేయుట 1864లో మాత్రమే ఆరంభమయ్యెను. కావున 70 ఏండ్లవారెవ్వరివద్దను జనన పత్రము లేదు. వయస్సు నిరూపించుట యెట్లు?

దీనికి ఒక తుపాను సాక్ష్యము పలికినది. 1839 జనవరి 6వ తేదీ రాత్రి ఐర్లండుపై మహాఝంఝామారుతము వీచి, వేలకొలది ఇండ్లను కూల్చెను. జనులు దానిని 'పెనుగాలి రాత్రి' అని చెప్పుకొనుచుండిరి. ఆ రాత్రి తమకు జ్ఞాపకమున్నదని చెప్పగలిగినవారికి 70 ఏండ్లు నిండినట్లే గదా! పింఛను అధికారుల యెదుట ఆ రాత్రిని జ్ఞాపకము చేసికొన్నవారు విస్తారముగా బయలుదేరిరి. అందఱును నిజము చెప్పిరని నమ్ముట కష్టమే. అయినను, ఆకలిని ఎఱిగిన ముసలివారు ఒకటి రెండేండ్లు ఎక్కువ చెప్పిరని నిందించుటకు మనసొప్పదు.

సాక్ష్యము చాలనప్పుడు గుమాస్తాలు డబ్లినులోని 1841, 1851 లెక్కలు తిరుగవేసి, దరఖాస్తు పెట్టినవాని బాల్యపు కుటుంబమును వెదకి, దొరికినదానిని వేఱొక పత్రముపై వ్రాసికొనిరి. 1922లో అసలు పుస్తకములు కాలిపోయినవి. ఈ పింఛను పత్రములు మిగిలినవి. ఒక ముదుసలి 5 షిల్లింగులకై పెట్టుకొన్న దరఖాస్తువలన, క్షామకాలపు కుటుంబమొకటి తల్లిదండ్రుల పేర్లతో, అన్నదమ్ముల పేర్లతో నేటికిని నిలిచియున్నది.

చర్చి రిజిస్టర్ల సంగతియు ఇట్టిదే. కాథలిక్కు చర్చీలవారు తమ పుస్తకములను డబ్లినుకు పంపలేదు గనుక అవి దక్కినవి. ప్రొటెస్టెంటు చర్చీలలో పంపక తమవద్దనే ఉంచుకొన్నవారివి దక్కినవి. అట్లు దక్కిన యొక రిజిస్టరు 2007లో ప్రపంచమునకు ఒక విశేషమును తెలిపెను. ఆఫలీ జిల్లాలో మనీగాల్ అను కుగ్రామము కలదు. అక్కడి చెప్పులు కుట్టువాని కుమారుడు ఫాల్మత్ కీర్నీ 1850లో, తన 19వ యేట, న్యూయార్కు చేరి, అచ్చటినుండి బంధువులున్న ఒహాయో రాష్ట్రమునకు పోయెను. అతని కుమార్తె మేరీ ఆన్. ఆమె మనుమడు స్టాన్లీ డన్‌హామ్. స్టాన్లీ కుమార్తె కుమారుడే 2009 నుండి 2017 వఱకు అమెరికా అధ్యక్షుడుగా నుండిన బరాక్ ఒబామా. ఆఫ్రికాలోని కెన్యా దేశస్థుని కుమారునిగా లోకమెఱిగిన యాతనికి ఐర్లండులో ఒక చెప్పులు కుట్టువాని ఇల్లు పూర్వుల ఇల్లయ్యెను. 2011 మే 23వ తేదీన ఆయన ఆ గ్రామమునకు పోయి చూచెను. కీర్నీ కుటుంబమువారు కాథలిక్కులు కారు, ప్రొటెస్టెంటులు. వెదకువారు ఐరిషు పేరు చూచి కాథలిక్కు పుస్తకములతోనే తృప్తిపడియుండినచో ఈ బంధము బయటపడకయే పోయెడిది.

మల్లయోధునివంటి దేహముతో ముష్టియుద్ధమున ప్రపంచవిజేతయైన మహమ్మదాలీ కథయు దీనికి తీసిపోదు. క్లేర్ జిల్లాలోని ఎన్నిస్ పట్టణమునుండి ఏబ్ గ్రేడీ అను యువకుడు 1860 ప్రాంతమున అమెరికాకు పోయి, కెంటకీ రాష్ట్రమున ఒక నల్లజాతి స్త్రీతో కాపురము పెట్టెను. తెల్లవారికిని నల్లవారికిని వివాహమును దక్షిణ రాష్ట్రములలో చట్టములు నిషేధించిన కాలమది. గ్రేడీ మనుమరాలు ఒడెస్సా. ఆమె కుమారుడు ఆలీ. తెల్లజాతి దురహంకారమును జీవితాంతము ఎదిరించిన ఆలీ, 2009 సెప్టెంబరు 1వ తేదీన తన తెల్లజాతి ముత్తాత ఊరికి వచ్చినప్పుడు వీధులు జనముతో క్రిక్కిఱిసెను. ఆ పట్టణమువారు ఆయనకు గౌరవ పౌరత్వమిచ్చిరి. ఆ గౌరవము పొందినవారిలో ఆయనయే ప్రథముడు.

పూర్వులలో కొందఱిని వారి సంతతివారే దాచిపెట్టిరి. 1791 నుండి ఐర్లండు ఓడరేవులలో శిక్షితులను ఓడలకెక్కించి ఆస్ట్రేలియాకు ద్వీపాంతరవాసమునకు పంపుట ఆరంభమయ్యెను. వారిలో రాజకీయఖైదీలు కొందఱు. గొఱ్ఱెనో ఆవునో దొంగిలించి ఏడేండ్ల శిక్షపొందినవారు మెండు. వారి మనుమలు ఆ మాట పిల్లలకు చెప్పక, తాత స్వేచ్ఛగా వలసవచ్చెననిరి. 1988లో, ఆస్ట్రేలియాలో యూరోపియనుల నివాసమేర్పడి 200 ఏండ్లు నిండిన సందర్భమున, ఐర్లండు ప్రభుత్వము ఆ శిక్షితుల పత్రముల ప్రతులను ఆ దేశమునకు కానుకగా ఇచ్చెను. వానిలో ఖైదీల భార్యలు తమను, తమ బిడ్డలను కూడ అదే ఓడలో పంపుడని పెట్టుకొన్న అర్జీలు కలవు. ఇంటిలో దాచిన కళంకము ఆకలిగొన్న కుటుంబముదని వానిని చదివినవారికి తెలిసెను. నేడు శిక్షితుడైన పూర్వుడు దొరికెనని సంతోషించువారే పెక్కురు.

ఐరిషు కుటుంబముల జాడలు కొన్ని మన నేలపైకిని వచ్చును. ఈస్టిండియా కంపెనీ తన యూరోపియను దళములకు ఐర్లండులో అనేకులను చేర్చుకొనెను. మద్రాసు యూరోపియను దళము అట్టిది. అది 1809లో బందరు కోటలో ఉండగా అధికారులు కంపెనీపై తిరుగబడిరి. ఆ దళమే కాలక్రమమున పేర్లు మార్చుకొని, 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యూసిలియర్సు అను ఐరిషు పటాలములో ఒక భాగమయ్యెను. మద్రాసు రాజధానిలోని చర్చి గురువులు తాము నిర్వహించిన జ్ఞానస్నానములు, వివాహములు, సమాధుల వివరములను ఏటేట లండనుకు పంపుచుండిరి. ఆ పుస్తకములు నేడు అచ్చటి బ్రిటిషు గ్రంథాలయమున ఉన్నవి. వానిలో తాత తండ్రి బందరులోనో సికింద్రాబాదులోనో పుట్టినట్లు చదివి ఆశ్చర్యపడువారు కలరు.

ఆ బిడ్డల తల్లులలో కొందఱు ఈ దేశపు స్త్రీలే. కాని రిజిస్టరులో తండ్రి పేరు, అతని హోదా, దళము స్పష్టముగా వ్రాయబడియుండగా, తల్లి గడి కొన్నిచోట్ల ఖాళీగా ఉండును. కొన్నిచోట్ల మతము పుచ్చుకొన్నప్పుడు పెట్టిన మేరీ, ఆన్ వంటి పేరొక్కటియే ఉండును. ఆమె పుట్టినిల్లు, కన్నవారు, వారు పిలిచిన పేరు అందులో లేవు. ఇప్పుడు లాలాజలమును పరీక్షించి వంశాణువులనుబట్టి పూర్వుల ప్రాంతమును తెలుపు పద్ధతి వచ్చినది. ఏడు తరములనాటి ఒక్క పూర్వురాలి పాలు సగటున 128లో ఒకటి మాత్రమే. అదృష్టముండిన అది పరీక్షలో కనబడును, లేనిచో కనబడదు. కనబడినను అది భారతదేశమని చెప్పునేగాని ఊరు చెప్పదు. అట్టివారు మఱల కాగితములవద్దకే రావలసియుండును. కొందఱు సైనికులు మద్రాసులో వ్రాసిన మరణశాసనములలో ఆమెకు విడిచిన రూపాయల లెక్కతోపాటు పేరును కనబడును. అది గుమాస్తా తన చెవికి వినబడినట్లు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసినది. తెలుగు పేరో, అరవ పేరో, దక్కను ముసల్మానుల పేరో, పలుమాఱు పైకి చదువుకొని పోల్చుకొనవలసినదే.