ఢిల్లీ పెరట్లో హైదరాబాద్ కోళ్లు

అమ్మమ్మ గంప ఎత్తగానే బిలబిలమంటూ బయటికొచ్చే కోళ్లను చూసి పెరిగినవాళ్లకు, గురుగ్రామ్ శివార్లలో ఇంటివెనుక కాస్త మట్టినేల దొరికితే నాలుగు పెట్టలు పెంచుకుందామనిపిస్తుంది. తాజా గుడ్డు రుచి తెలిసిన కుటుంబానికి అది మంచి ఆలోచనే.

ఇలాంటి పెరళ్లకు సరిపోయే కోళ్లు మన దగ్గర పుట్టినవే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ రకాలను రూపొందించింది. గుడ్ల కోసమైతే గ్రామప్రియే మేలు. పెరట్లో తిరుగుతూ పెరిగితే ఏడాదికి 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది. అంటే నాలుగు పెట్టలకు రోజుకు సగటున రెండు గుడ్లకు కాస్త తక్కువ. ఢిల్లీకి దగ్గర్లో కావాలంటే బరేలీ ఇజ్జత్‌నగర్ కోళ్ల పరిశోధన కేంద్రం అసీల్ జాతి సంకరంతో తయారుచేసిన నిర్భీక్ ఉంది.

పుంజు అక్కర్లేదు. గుడ్లు పొదిగించి పిల్లల్ని చేయించాలంటేనే అది కావాలి. తెల్లారకముందే కూసే పుంజు లేకపోతే పక్కింటివాళ్లతో పేచీ కూడా ఉండదు.

ఒక్క గుడ్డు తయారవడానికి పెట్టకు రోజుకు పైనే పడుతుంది. అందులో దాదాపు 20 గంటలు పెంకుకే. ఆ పెంకంతా సున్నమే. నూకలు, తవుడు, వంటింటి ఆకుకూర కాడలతో సరిపెడితే వేలితో నొక్కగానే సొట్టపడే గుడ్లు వస్తాయి. దాణాలో ఆలిచిప్పల పొడి కలపాల్సిందే.

అసలు పరీక్ష ఢిల్లీ వాతావరణమే. కోడికి చెమట పట్టదు. మే, జూన్ నెలల్లో 45 డిగ్రీల వడగాలికి ముక్కు తెరిచి, రెక్కలు ఎడంగా పెట్టి రొప్పుతుంది. మేత తగ్గిస్తుంది, గుడ్డూ తగ్గుతుంది. చిక్కటి నీడ, మట్టికుండలో చల్లటి నీళ్లు, గూటిమీద తడిపిన గోనెపట్టా ఉండాలి. డిసెంబరులో పగలు పది గంటల పైచిలుకే. పెట్టకు 14 గంటల వెలుగైనా కావాలి కాబట్టి సాయంత్రం గూట్లో బల్బు వెలిగించాలి.

ఇక జబ్బుల సంగతి. కోళ్లకు వచ్చే కొక్కెర తెగులుకు మన దేశంలో రాణిఖేత్ అని పేరు. ఢిల్లీవాళ్లు చల్లదనానికి వెళ్లే కుమావూ కొండల్లోని ఊరిపేరే అది. ఆ తెగులు రాకుండా కోడిపిల్లకు వారం నిండేలోపే లసోటా టీకా చుక్క వేయించాలి.

2021 జనవరిలో ఢిల్లీలోని మయూర్ విహార్ కాకుల్లో, సంజయ్ లేక్ బాతుల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఘాజీపూర్ కోళ్ల మార్కెట్‌ను కొన్నాళ్లు మూసేశారు. అందుకే గూటికి పైన వల కట్టండి, అడవి పక్షులు మేతమీద వాలనివ్వకండి. ఏ పక్షి ఉన్నట్టుండి చచ్చినా వట్టి చేతులతో ముట్టుకోకుండా పశువైద్యులకు చెప్పండి. అన్నిటికంటే ముందు కార్పొరేషన్ నిబంధనలు, కాలనీ సంఘం మాట కనుక్కోండి. ఆ తర్వాతే గూడు కట్టించండి.