మధ్యాహ్నం రెండు గంటల పరీక్షకు దేహాన్ని సిద్ధపరచుకోవడం

చార్టర్డ్ అకౌంటెన్సీ చదువుతున్న పిల్లలు వైద్యసలహా కోసం నా వద్దకు రావడం ఇటీవలి సంవత్సరాలలో అధికమయింది. తెలకపల్లి చుట్టుపట్ల పత్తి, వేరుశనగ పండించుకునే కుటుంబాల నుండి బయలుదేరి, హైదరాబాదులోనో విజయవాడలోనో శిక్షణాలయంలో చేరి, పరీక్షలకు రెండు మూడు నెలల ముందు పుస్తకాల మూటతో ఇల్లు చేరే యువతీ యువకులు వీరు. అజీర్ణం, తలనొప్పి, కళ్ళమంట, మలబద్ధం, నిద్రలేమి - వీటిలో ఏదో ఒకటి చెప్పుకుంటారు. నాడి చూచిన పిమ్మట నేను అడిగే మొదటి ప్రశ్న, "నాయనా, నీ పరీక్ష ఎన్ని గంటలకు మొదలవుతుంది?" అన్నది. వైద్యుడికి ఈ సంగతి ఎందుకో వారికి వెంటనే బోధపడదు.

ఆ పరీక్షలు మధ్యాహ్నం 2 గంటలకు ఆరంభమవుతాయి. ఎక్కువ పేపర్లు 5 గంటల వరకు, అంటే మూడు గంటలపాటు సాగుతాయి. మన పిల్లలు రాత్రి రెండు దాటే వరకు చదివి, ఉదయం తొమ్మిదికి లేచి, ఒంటిగంటకు కడుపునిండా భుజించి, రెండు గంటలకు కునుకు తీయడం అలవాటు చేసుకుంటారు. ఏ వేళకు బుద్ధి పదునుగా ఉండవలెనో, సరిగ్గా ఆ వేళకే నిద్రపోవడం తమ దేహానికి నేర్పుతున్నారన్నమాట. పాఠ్యాంశాల ప్రణాళిక ఎంత చక్కగా వేసుకున్నప్పటికీ, దేహం నడిచే ప్రణాళిక దానికి ఎదురుగా ఉన్నప్పుడు ఫలితం స్వల్పం. భోజనం చేయకపోయినా మధ్యాహ్నం కొంత మాంద్యం సహజమనీ, రాత్రి జాగరణ, గురుభోజనం దానిని పెంచుతాయనీ నేటి నిద్రాశాస్త్రం సైతం అంగీకరిస్తున్నది.

ఈ విద్య స్వరూపం తల్లిదండ్రులకు కొంత తెలియడం అవసరం. 1949లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం ఏర్పడిన చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఈ పరీక్షలను నిర్వహిస్తుంది. ఫౌండేషన్, ఇంటర్మీడియట్, ఫైనల్ అని మూడు మెట్లు. (ఈ ఇంటర్మీడియట్ వేరు, జూనియర్ కళాశాలలో చదివే ఇంటర్మీడియట్ వేరు. మా ఊళ్ళో పెద్దవారు రెంటినీ ఒకటిగా భావించి, "ఇంటరు ఎన్నిసార్లు వ్రాస్తాడండీ మావాడు!" అని వాపోవడం నేను విన్నాను.) 2023లో వచ్చిన నూతన విధానంలో పై రెండు మెట్లకూ ఆరేసి పేపర్లు, అవి మూడేసి చొప్పున రెండు గ్రూపులు. ప్రతి పేపరులో 40 మార్కులు, గ్రూపు మొత్తం మీద నూటికి 50 రావాలి. రెండు గ్రూపులూ ఒకేసారి వ్రాసినవారికి ఆరు పేపర్ల మొత్తం మీద సగం వచ్చినా చాలు. గ్రూపు తప్పినప్పటికీ ఏదైనా పేపరులో 60 వస్తే, తరువాతి మూడు పరీక్షల వరకు ఆ పేపరు మరల వ్రాయనక్కరలేదు.

గ్రూపు మొత్తంలో సగం రావాలన్న నియమం వద్దనే చాలామంది జారిపడుతున్నారు. ఒక రైతు కుమారుడు మూడు పేపర్లలోనూ 40 దాటాడు. మొత్తం 150 రావలసినచోట 146 వచ్చాయి. హాస్టలు ఖర్చుకు తండ్రి తెచ్చిన అప్పు అప్పటికి రెండింతలయింది. ఇక ఒక్కసారి చూచి, కాకపోతే చదువు మాన్పించి పొలంలో పెట్టుకుంటానని, అంతలోగా జ్ఞాపకశక్తికి మంచి మందు ఇమ్మని ఆయన నన్ను అడిగాడు. కుర్రవానిని విచారిస్తే జ్ఞాపకశక్తికి లోటేమీ లేదు. ప్రతి పేపరులోనూ నాలుగు గంటలు దాటేసరికి కళ్ళు బరువెక్కి, చేయి సాగక, చివరి ప్రశ్న సగంలో వదిలివేశాడు. నాలుగు మార్కులు పోయినది అక్కడ. నేను అతనికి మేధ్య ఔషధం ఇవ్వలేదు. మలబద్ధానికి త్రిఫలచూర్ణం మాత్రం ఇచ్చి, దినచర్య మార్చాను. తరువాతి పరీక్షలో ఆ గ్రూపు గట్టెక్కాడు. శ్రమ అతనిదే, చదివినది చదివినట్లు కాగితం మీదికి రావడానికి దేహం ఈసారి అడ్డుపడలేదు, అంతే.

పాదాంశిక క్రమం

దినచర్యను ఒక్కరోజులో మార్చబూనడం అవివేకం. అలవాటుపడిన అపథ్యాన్ని నాలుగవ వంతు చొప్పున, లేదా అందులోనూ నాలుగవ వంతు చొప్పున విడుస్తూ, పథ్యాన్ని ఆ మేరకే చేర్చుకుంటూ రావాలని, మధ్యలో దినాల ఎడమ ఇవ్వాలని అష్టాంగహృదయంలో వాగ్భటాచార్యులు ఉపదేశించారు. దీనిని పాదాంశిక క్రమమంటారు. పరీక్షార్థికి ఇంతకంటె ఉపయోగకరమైన సూత్రం నాకు కనబడలేదు.

రాత్రి 2కు పడుకునే విద్యార్థిని 10 గంటలకు పడుకునేటట్లు చేయాలనుకోండి. తేడా 4 గంటలు, అందులో పాదం ఒక గంట. మొదట 1 గంటకు, పిదప 12కు, ఆపై 11కు, చివరకు 10కి. నేను ఒక్కొక్క మెట్టుకు అయిదు దినాలు ఇస్తాను. ఇరవై దినాలకు నిద్ర దారికి వస్తుంది. టీ, కాఫీల విషయంలోనూ ఇదే లెక్క. దినానికి ఎనిమిది సార్లు త్రాగేవాడు ఒక్కసారిగా మానివేస్తే తలనొప్పి, విసుగు పట్టుకొని చదువు చెడుతుంది. రెండేసి చొప్పున తగ్గించుకొని, సాయంత్రం నాలుగు తరువాత త్రాగడం మొదట విడవాలి. కనుక పరీక్షకు 40 దినాల ముందే ఈ పని ఆరంభించాలి. మొదటి 20 దినాలు నిద్రను సరిచేయడానికి. మిగిలిన 20 దినాలలో, దినం విడిచి దినం, సరిగ్గా 2 గంటలకు కూర్చుండి 5 గంటల వరకు లేవకుండా ఒక పూర్తి పేపరు వ్రాయాలి. ఇంట్లో పలకరింపులు, చరవాణి, ఫ్యాను క్రింద పడక - ఏవీ ఆ వేళకు ఉండరాదు. తల్లిదండ్రులు ఈ ఒక్క సహాయం చేస్తే చాలు.

బ్రాహ్మీముహూర్తంలో లేచేవానికి చట్టాలు, ఆడిటింగు వంటి ధారణ ప్రధానమైన విషయాలు ఉదయమే చదవడం మేలు. లెక్కలు చేయవలసిన అకౌంట్లు, పన్నులు, వ్యయగణన మధ్యాహ్నానికి పెట్టుకోవాలి. రాత్రి క్రొత్తది చదవక, పగలు చదివినదానిని ఒకసారి మననం చేసి పడుకోవాలి. చదివినది మనసులో కుదురుకునేది నిద్రలోనే.

ఎప్పుడైనా జాగరణ తప్పనిసరి అయితే దానికి పరిహారం కూడా శాస్త్రంలో ఉన్నది. మేల్కొన్న కాలంలో సగం, మరునాటి ఉదయం ఆహారం తీసుకొనక ముందు నిద్రించాలి. భోజనం చేసి పడుకోవడం అందుకు బదులు కాదు.

భోజన వేళ

ఒక భోజనానికీ మరొక భోజనానికీ నడుమ ఒక యామం, అనగా మూడు గంటలు, గడవకముందే తినరాదనీ, రెండు యామాలు దాటనీయరాదనీ పెద్దలు చెప్పిన నియమం. 11 గంటలకు భుజించినవాడు 2 గంటలకు ఒక యామం ముగించి, పొట్ట తేలికపడి పరీక్షలో కూర్చుంటాడు. 5 గంటలకు రెండవ యామం పూర్తవుతుంది, అప్పటికి పేపరు ముగుస్తుంది. ఈ పరీక్ష వేళ మన శాస్త్రానికి ఇంత చక్కగా అమరడం చూచి నాకే ఆశ్చర్యం వేసింది.

కుక్షిలో సగం ఘనాహారం, పాతిక భాగం ద్రవం, పాతిక భాగం వాయు సంచారానికి ఖాళీ. పరీక్ష దినాన పాత బియ్యపు అన్నం, పెసరపప్పు, ఒక చెంచా నెయ్యి, బీరకాయో సొరకాయో కూర, పలుచని మజ్జిగ చాలును. గారెలు, గట్టి పెరుగు, పూరీలు, హోటలు బిర్యానీ ఆ దినానికి వద్దు. జొన్నరొట్టె అలవాటున్న మా ప్రాంతపు పిల్లలు దానినే తినవచ్చును. పరీక్ష దినాన క్రొత్త ఆహారం పెట్టడం కంటె అలవాటైన ఆహారాన్ని మితంగా పెట్టడం శ్రేష్ఠం. జనవరి పరీక్షలు సంక్రాంతికి అటూ ఇటూగా పడతాయి గనుక అరిసెలు, సకినాలు చివరి పేపరు అయ్యేదాకా డబ్బాలోనే ఉండనీయండి.

ఏ ఋతువులో ఎంత భారం

2024 నుండి ఫౌండేషన్, ఇంటర్మీడియట్ పరీక్షలు, 2025 నుండి ఫైనల్ పరీక్షలు ఏడాదికి మూడుసార్లు జరుగుతున్నాయి. పూర్వం రెండుసార్లే. జనవరి, మే, సెప్టెంబరు మాసాలు వీటికి వేళలు; ఫౌండేషన్‌కు మే చివర లేదా జూన్ కూడా కావచ్చును. తేదీలను సంస్థ ప్రకటన చూచి నిర్ధారించుకోవాలి. ఈ మూడింటిలో దేహబలం ఒకేవిధంగా ఉండదు. హేమంత శిశిరాలలో బలం ఉత్తమం, జఠరాగ్ని ప్రబలం. గ్రీష్మ వర్షాలలో బలం అల్పం. జనవరి పరీక్షకు చదువు సాగేది శరద్ హేమంతాలలో. రెండు గ్రూపులూ కలిపి వ్రాయదలచినవారికి ఇది అనువైన కాలమని నా అభిప్రాయం. అయితే పత్తి తీతలు ఆ కాలంలోనే వస్తాయి. చదివే పిల్లవానిని కూలీ దొరకలేదని చేనుకు తోలేవారు ఆ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

మే నెలలో పాలమూరు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. దుర్బలులు, పిత్తప్రకృతి గలవారు ఆ వేళకు ఒక్క గ్రూపుతో సరిపెట్టుకోవడంలో అవమానం లేదు. గ్రీష్మంలో పగటినిద్రకు శాస్త్రం అనుమతి ఇచ్చింది, కాని పరీక్షార్థి దానిని పేపరు వేళకు ముందే, అరగంటకు మించకుండా తీసుకోవాలి. ధనియాలు రాత్రి నానబెట్టిన నీరు, ఉప్పు వేసిన మజ్జిగ, సబ్జాగింజల నీరు దాహానికి మంచివి. పరీక్షా కేంద్రానికి ఒక గంట ముందే చేరి నీడన కూర్చోవాలి. సెప్టెంబరు వర్షర్తువు చివర. అగ్ని మందగించి, జ్వరాలు, అతిసారం ప్రబలే కాలం కనుక కాచిన నీరు, దోమతెర తప్పనిసరి.

ఫైనల్ వ్రాసేవారి సంగతి వేరు. నూతన విధానంలో ఆర్టికల్‌షిప్ మూడేళ్ళ నుండి రెండేళ్ళకు తగ్గింది, అది ముగిసిన ఆరు నెలలకు పరీక్ష. ఆ ఆరు నెలలలో మొదటి పదిహేను దినాలు నిద్ర, జీర్ణం సరిచేసుకోవడానికే వినియోగించమని నేను చెబుతాను.

మందుల మాట

చరకసంహితలో నాలుగు మేధ్యరసాయనాలు చెప్పబడినవి: సరస్వతి ఆకు రసం, పాలతో అతిమధురం చూర్ణం, తిప్పతీగ రసం, శంఖపుష్పి ముద్ద. ఇవి కాలక్రమాన పనిచేసేవి. నీటిబ్రాహ్మి మీద జరిగిన నేటి పరిశోధనలలోనూ ఫలితం చూడడానికి సుమారు 12 వారాలు వాడారు. చివరి వారంలో అంగడి నుండి సీసా తెచ్చి త్రాగడం వల్ల పొట్ట చెడడమే తప్ప లాభం లేదు. అతిమధురం దీర్ఘకాలం వాడితే రక్తపోటు పెరుగుతుంది. తిప్పతీగ వల్ల కొందరికి కాలేయానికి హాని కలిగినట్లు ఇటీవల వైద్యులు గుర్తించారు. థైరాయిడ్ మందులు వాడేవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా వీటిని ముట్టరాదు. నిద్రకు అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దన నిరపాయకరం. పాలలో జాజికాయ పొడి చిటికెడు మాత్రమే, అధికమైతే మత్తు, గుండెదడ కలిగిస్తుంది.

వరుసగా రెండు వారాలు నిద్ర పట్టకపోయినా, ఆహారం రుచించక, ఎవరితోనూ మాట్లాడక, బ్రతుకు మీద విరక్తి మాటలు వినబడినా అది పరీక్షభయమని ఊరకుండరాదు, కషాయాలతో కాలయాపన చేయరాదు. మానసిక వైద్యునికి వెంటనే చూపించాలి. 14416 అనే ప్రభుత్వ టెలీ మానస్ సంఖ్యకు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును.

పేపరుకూ పేపరుకూ నడుమ సాధారణంగా ఒకటి రెండు దినాల ఎడమ ఉంటుంది. వ్రాసివచ్చిన సాయంత్రం జవాబులు సరిచూచుకోవడం మాని, గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేసి, ఏడు గంటలకు పలుచని పెసరకట్టుతో అన్నం తిని, పదింటికి పడుకోవాలి. తరువాతి పేపరు పుస్తకం మరునాడు ఉదయం తెరవవచ్చును.