మొత్తం ఎన్ని పాళ్లు?

తోరణగల్లులో మన తెలుగు కుటుంబాల పిల్లలు కన్నడ మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదువుతారు. ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకుని వచ్చినవాళ్లకు అది తప్పదు. అయితే ‘రేషియో’ పాఠం వచ్చేసరికి చాలా ఇళ్లలో సాయంత్రం గొడవే.

900 రూపాయలను ఇద్దరికి 2:3 నిష్పత్తిలో పంచమంటారు. పిల్లవాడు తిన్నగా మూడింట రెండు వంతులు, అంటే 600, మొదటివాడికి రాసేస్తాడు. రెండోవాడికి మిగిలింది 300. ఎక్కువ రావలసినవాడికే తక్కువ వచ్చిందని చూసుకోడు. ‘రేషియో’ అనడం మాని ‘పాళ్లు’ అని చెప్పి చూడండి. రెండు పాళ్లు, మూడు పాళ్లు, మొత్తం ఐదు పాళ్లు. ఒక పాలు 180. కనుక 360, 540. దోసెల పిండికి మినప్పప్పు, బియ్యం ఒకటికి మూడు. అన్నీ కలిపి నాలుగు గ్లాసులు నానబోయాలంటే పప్పు ఎంత? ఒక గ్లాసే. మూడోవంతు అని ఏ అమ్మా లెక్క వెయ్యదు!

ఇంతకంటే పెద్ద లెక్క మనకు దగ్గరలోనే, హొసపేట డ్యాం దగ్గర ఉంది. బచావత్ ట్రిబ్యునల్ తుంగభద్ర ప్రాజెక్టుకు 230 టి.ఎం.సి.లు కేటాయించింది. టి.ఎం.సి. అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. అందులో 18 ఆవిరి పద్దు. కంపెనీలో ఖర్చులు పోగా మిగిలిందే లాభమైనట్టు, ఇక్కడా అది తీశాకే పంపకం. మిగిలిన 212లో కర్ణాటకకు 138.99, ఆంధ్రప్రదేశ్‌కు 66.5, తెలంగాణకు 6.51.

అంత నీరు రాని ఏడు ఏం చెయ్యాలి? 159 మాత్రమే వచ్చిందనుకుందాం. లోటు 53. ‘ముగ్గురూ సమానంగా భరించండి’ అంటే వినడానికి ధర్మంగానే ఉంటుంది. కానీ తలకు 17.67 తగ్గిస్తే తెలంగాణ వాటా మొత్తం పోయి, పైగా 11 టి.ఎం.సి.లు బాకీ పడుతుంది! అందుకే లోటునూ పాళ్ల ప్రకారమే పంచాలి. 159 అంటే 212లో ముప్పాతిక. కాబట్టి అందరికీ ముప్పాతికే: 104.24, 49.88, 4.88. తుంగభద్ర బోర్డు వచ్చే నీటిని అంచనా వేసి, అది మారినప్పుడల్లా వాటాలను ఇదే దామాషాలో సవరిస్తుంది. పూడిక వల్ల జలాశయం 133 నుంచి సుమారు 105.8 టి.ఎం.సి.లకు తగ్గింది. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయింది. మొత్తం తగ్గినా పాళ్లు మారవు. కాలువ చివరి రైతుకు మాత్రం ఆ దశాంశాలే పంట.

పిల్లలకు ఈ లెక్క ఇవ్వండి. ఆంధ్ర వాటా 66.5లో ఎగువ కాలువకు 32.5, దిగువ కాలువకు 24, కె.సి. కాలువకు 10. రెట్టింపు చేస్తే 65:48:20, మొత్తం 133 పాళ్లు. ఒక ఏడు 53.2 మాత్రమే వస్తే ఒక పాలు 0.4. ఎగువకు 26, దిగువకు 19.2, కె.సి.కి 8. కూడి చూడమనండి.

ఈ విద్య మనకు కొత్తదేం కాదు. తొమ్మిదో శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితాన్ని పదకొండో శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. కన్నడ సీమ లెక్క మన భాషలోకి వచ్చి దాదాపు వెయ్యేళ్లయిందన్నమాట.

పెద్దలకూ ఒక మాట. బావమరిదితో కలిసి లారీ కొనేవాళ్లు పెట్టుబడి ప్రకారమే లాభం వస్తుందనుకుంటారు. ఒప్పందంలో పాళ్లు రాసుకోకపోతే 1932 నాటి భాగస్వామ్య చట్టం 13వ సెక్షన్ ప్రకారం సగం సగమే. ఒకరు 2 లక్షలు, ఇంకొకరు 3 లక్షలు పెట్టినా 60 వేల లాభంలో చెరి 30 వేలు. పెట్టుబడి పాళ్లు రాసుకుని ఉంటే 24, 36 వేలు. నష్టానికీ ఇదే లెక్క.