వాకీటాకీ కొంటున్నారా? బాక్స్ తెరిచే ముందు ఇది చదవండి

2014లో హుద్‌హుద్ తుఫాను విశాఖను తాకినప్పుడు కరెంటుతో పాటు మొబైల్ నెట్‌వర్క్ కూడా దెబ్బతింది. టవర్ పోతే లక్ష రూపాయల ఫోన్ నుంచి కూడా పక్క వీధికి కాల్ వెళ్లదు. వాకీటాకీకి టవర్, సిమ్, డేటా ఏవీ అక్కర్లేదు. సిగ్నల్ ఒక సెట్ నుంచి ఇంకో సెట్‌కి నేరుగా వెళ్తుంది. ట్రెక్కింగ్‌కి, బైక్ ట్రిప్‌లకి కూడా బాగా పనికొస్తుంది. అయితే ఫోన్ కొన్నట్టు రేటు, రివ్యూలు చూసి ఆర్డర్ పెట్టేస్తే చిక్కుల్లో పడతారు.

ఏది కొనాలి?

మన దేశంలో లైసెన్స్ లేకుండా వాడుకోదగ్గ వాకీటాకీ బ్యాండ్ 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్. ఈ రకం సెట్లను పీఎంఆర్ 446 అంటారు. పవర్ తక్కువ, యాంటెన్నా ఊడదు. సెట్‌కి ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్, అంటే ఈటీఏ, ఉందో లేదో అమ్మేవాళ్లను అడగండి.

చాలామంది కుర్రాళ్ల కన్ను పడేది బావోఫెంగ్ యూవీ-5ఆర్ మీద. 136-174, 400-520 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు, 128 మెమరీ ఛానెళ్లు, ధర కూడా తక్కువ. కానీ పోలీసులు, అత్యవసర సేవలు వాడే ఫ్రీక్వెన్సీలు కూడా ఈ రేంజ్‌లోకే వస్తాయి. పొరపాటున బటన్ నొక్కినా వాళ్ల మాటకు అడ్డుపడొచ్చు. 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇలాంటి అక్రమ లిస్టింగ్‌ల మీద ఈ-కామర్స్ సైట్లకు నోటీసులిచ్చి, తర్వాత మార్గదర్శకాలు కూడా తెచ్చింది. సైట్‌లో అమ్ముతున్నారు కాబట్టి వాడుకోవచ్చు అనుకోకండి.

సెట్ చేసుకోవడం

1. రెండు సెట్లనూ ఫుల్ ఛార్జ్ చేయండి.

2. రెండింట్లోనూ ఒకే ఛానెల్ పెట్టండి. అనలాగ్ పీఎంఆర్ 446లో 16 ఛానెళ్లు ఉంటాయి, ఒక్కోదానికీ మధ్య 12.5 కిలోహెర్ట్జ్ తేడా. ముందు కాసేపు విని, ఖాళీగా ఉన్న ఛానెల్ ఎంచుకోండి.

3. సీటీసీఎస్ఎస్ కోడ్ కూడా రెండింట్లో ఒకటే ఉండాలి. దీన్ని 'ప్రైవసీ కోడ్' అని అమ్ముతారు గానీ ఇందులో ప్రైవసీ ఏమీ లేదు. వేరేవాళ్ల మాటలు మీకు వినపడకుండా చేస్తుందంతే. మీ మాటలు మాత్రం ఆ ఛానెల్‌లో ఉన్న ఎవరైనా వినొచ్చు. ఓటీపీలు, ఇంటి అడ్రస్‌లు చెప్పకండి.

4. స్క్వెల్చ్ అంటే గరగర శబ్దాన్ని ఆపే గేటు. మరీ పెంచితే దూరం నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్ కూడా ఆగిపోతుంది. శబ్దం ఆగే దగ్గర ఆపేయండి.

5. పీటీటీ బటన్ నొక్కి, ఒక సెకను ఆగి మాట్లాడండి. వెంటనే మొదలుపెడితే మొదటి మాట కట్ అవుతుంది. మాట అయిపోగానే 'ఓవర్' అని బటన్ వదలండి. ఇద్దరూ ఒకేసారి నొక్కితే ఒకరి మాట ఒకరికి వినపడదు.

రేంజ్ సంగతి

బాక్స్ మీద వేసే కిలోమీటర్ల లెక్క నేను పట్టించుకోను. ఈ తరంగాలు దాదాపు సూటిగా వెళ్తాయి. చదును నేల మీద, ఏ అడ్డూ లేకుండా, ఇద్దరి చేతుల్లో సెట్లు 1.5 మీటర్ల ఎత్తున ఉంటే భూమి వంపు వల్ల హద్దు సుమారు 10 కిలోమీటర్లు. అరవాట్ సెట్‌తో, అపార్ట్‌మెంట్ల మధ్య అందులో కొంత భాగమే వస్తుంది. అదే ఒకరు 100 మీటర్ల గుట్ట ఎక్కితే ఆ హద్దు 45 కిలోమీటర్ల దాకా పోతుంది. అందుకే పవర్ కంటే ఎత్తు ముఖ్యం. సిగ్నల్ అందకపోతే ముందు డాబా ఎక్కండి.

ఇంకా కావాలంటే హ్యామ్

యూవీ-5ఆర్ లాంటివి నిజంగా వాడాలనుంటే హ్యామ్ రేడియో పరీక్ష రాయండి. 12 ఏళ్లు నిండితే చాలు, రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ కోడ్ కూడా అక్కర్లేదు. పాసై లైసెన్స్ వచ్చాక మీకంటూ ఒక కాల్‌సైన్ ఉంటుంది. 144-146 మెగాహెర్ట్జ్‌లో రిపీటర్ల ద్వారా దూరంగా మాట్లాడొచ్చు. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఈ రంగంలో పేరున్న సంస్థ. 2004 సునామీ వచ్చినప్పుడు ఆ సంస్థ తరఫున అండమాన్‌లో ఉన్న భారతీ ప్రసాద్ అక్కడి కబుర్లను రేడియో ద్వారానే బయటికి పంపారు.

నా సలహా: ట్రిప్‌ల కోసమైతే ఈటీఏ ఉన్న పీఎంఆర్ 446 జత తీసుకోండి, రేడియో మీద ఇష్టముంటే ముందు పరీక్ష రాయండి. ఏది కొన్నా తుఫాను వచ్చేదాకా ఆగకుండా, ఈ ఆదివారమే మీ ఏరియాలో ఎక్కడి నుంచి ఎక్కడికి వినపడుతుందో నడిచి చూసుకోండి.